పాత ఫొటోను బాగుచేయకండి

ట్రంకు పెట్టెలోంచి పాత ఫొటో బయటపడగానే ఎవరైనా ముందు చేసే పని తుడవడం. పైటకొంగో చొక్కా అంచో, దొరికినదానితో ఒక తుడుపు. తర్వాత దాన్ని ఫోన్లోకి ఎక్కించి, ఏదో యాప్‌లో వేసి గీతలు పోగొట్టడం, ముఖం నున్నగా చేయడం, రంగులద్దడం, ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం. బంధువులంతా దండాలూ పూలూ పెడతారు. పావుగంటలో పని ముగుస్తుంది. యాభై ఏళ్ళు అటక మీద పడి ఉన్నా కలగని నష్టం ఆ పావుగంటలో ఫొటోకి కలుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఇక్కడ చెప్పే సలహాలన్నీ లోకమంతా చెప్పేవాటికి అడ్డం తిరిగి ఉంటాయి. విన్నవాళ్ళు చాదస్తం అన్నారు, వితండవాదం అన్నారు. అయినా ఒక్కదాన్నీ సడలించలేను. నా పట్టుదల పెళ్ళి పటాల కోసమూ, దండ వేసి గోడకు తగిలించిన తాతగారి పటం కోసమూ కాదు. వాటిని చూసుకునేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. 1940ల నుంచి 1980ల దాకా మన ఊళ్ళలో అరుగుల మీద, బావి గట్ల దగ్గర, బడి వరండాల్లో, తిరునాళ్ళలో విమానం బొమ్మ వెనక నిలబడి దిగిన చిన్నచిన్న ఫొటోలున్నాయే, వాటి కోసం ఈ పట్టుదల. అప్పటి రోజువారీ బతుకు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాలు మన ఇళ్ళలో అవే.

తుడవకండి

నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ కాగితంలో ఉండదు. కాగితం మీద సన్నని జిలెటిన్ పూత ఉంటుంది. జంతువుల ఎముకలూ చర్మాలూ ఉడికించి తీసిన పదార్థం అది. ఆ పూతలో చిక్కుకున్న వెండి రేణువులే మనకు మీసంగా, అరుగుగా, మేకపిల్లగా కనిపించేవి. జిలెటిన్ చెమ్మను పీలుస్తుంది. వానాకాలం గాలికి ఉబ్బి మెత్తబడి పక్కన ఏదుంటే దానికి అంటుకుంటుంది. బూజుకి అది మంచి తిండి. బూజు తిన్న చోట జిలెటిన్ నీళ్ళకు కరిగిపోయే స్థితికి వస్తుంది. అలాంటి ఫొటో మీద తడిగుడ్డ వేస్తే బూజుతోపాటు బొమ్మ కూడా గుడ్డకే వచ్చేస్తుంది. పొడిగుడ్డతోనూ మేలేమీ లేదు. దుమ్ములో ఇసుక ఉంటుంది, ఒత్తి రుద్దితే వెండి మీద గీతలు పడతాయి.

బొమ్మలు వేసేవాళ్ళు వాడే వెడల్పాటి మెత్తని కుంచె ఒకటి కొనుక్కోండి. ఫొటోను తెల్లకాగితం మీద పెట్టి మధ్య నుంచి అంచుల వైపు తేలిగ్గా విదిలించండి. బూజు ఇంకా పచ్చిగా ఉంటే గాలి ఆడే నీడలో ఆరనివ్వండి, ఎండలో పెట్టకండి. ఆరిన తర్వాత ఆరుబయట, ముక్కుకి మాస్కు పెట్టుకుని విదిలించండి. శుభ్రం చేయడం ఇంతటితో ఆపేయాలి. నల్లగా ఉండాల్సిన చోట నీలంగా అద్దంలా మెరుస్తుంటే అది మురికి కాదు, లోపలి వెండే పైకి తేలింది. రుద్దితే అదీ పోతుంది.

పటం అద్దానికి ఫొటో అతుక్కుపోతే బ్లేడుతో లేపకండి, అద్దంతో సహా స్కాన్ చేయండి. 1970ల తర్వాత వచ్చిన జిగురు పేజీల ఆల్బముల్లో, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఉండేవాటిలో, ఫొటో ఊడి రాకపోతే పేజీని పేజీగానే స్కాన్ చేయండి. ఊడదీయడం ఎప్పుడైనా చేయవచ్చు, చిరిగినదాన్ని మళ్ళీ అతికించలేం.

పసుపుపచ్చబడిన ఫొటోల గురించి ఒక మాట. ప్రింటు వేసిన తర్వాత బొమ్మ చెరగకుండా వాడే హైపో మందు పూర్తిగా పోయేదాకా దాన్ని పారే నీళ్ళలో కడగాలి. ఆ రోజుల్లో వాడిన మందపాటి కాగితానికి సుమారు గంట పట్టేది. కుళాయి లేని ఊళ్ళో, వేసవిలో, స్టూడియో వెనక బక్కెట్లలో ముంచి తీసిన ప్రింట్లలో హైపో మిగిలిపోయి ఏళ్ళ తరబడి వెండిని తింటూ వస్తుంది. కాబట్టి మీ ఫొటో మీది పసుపు చాలాసార్లు ఆ ఊరి నీటి ఎద్దడి గుర్తు. యాప్‌లో ఒక్క నొక్కు నొక్కి దాన్ని తెల్లగా చేసేముందు, ఆ స్టూడియో ఏ ఊళ్ళో ఉండేదో, నీళ్ళు ఎక్కడినుంచి మోసేవాళ్ళో అడిగి చూడండి.

ముఖాలు చూడకండి

ఫొటో చేతికి రాగానే తిరగేయండి. ముందు వెనక వైపు చూడాలి. స్టూడియో ముద్ర ఉండవచ్చు. మూల మీద పెన్సిలుతో ఓ అంకె ఉంటే అది చాలావరకు నెగెటివ్ నంబరు. కాగితం కంపెనీ పేరు, వెలాక్స్ అనో ఆగ్ఫా అనో, లేతగా అచ్చయి ఉంటుంది. 'చిరంజీవి ఫలానాకి ఆశీస్సులతో' అన్న రెండు ముక్కలు ఉంటే ఆ ఫొటో ఎవరి దగ్గరి నుంచి ఎవరి దగ్గరికి ప్రయాణం చేసిందో తెలుస్తుంది. ముందు వైపును స్కాన్ చేసిన ప్రతి ఫొటోకీ వెనక వైపును కూడా స్కాన్ చేయండి, అక్కడ ఏమీ లేదనిపించినా సరే.

తర్వాత అంచులు. తపాలా బిళ్ళలా కొరికినట్టున్న అంచులు మన ఇళ్ళలో 1950, 60ల ఫొటోలకు ఎక్కువ. చదరంగా ఉన్న చిన్న ఫొటో అయితే రీలుకి పన్నెండు బొమ్మలు వచ్చే కెమెరాతో తీసినది కావచ్చు. మన మధ్యతరగతి ఇళ్ళలో అడుగుపెట్టిన ఆగ్ఫా క్లిక్ త్రీ అలాంటిదే. నెగెటివ్ దొరికి, దాని అంచున 'ఇందు' అని ఉంటే ఆ ఫిల్ము హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారిది. ఆ సంస్థ ఊటీలో ఏర్పడింది 1960లో, కాబట్టి మీ ఫొటో అంతకు ముందుది కాదు.

ఇవన్నీ అయ్యాక బొమ్మలోకి రండి. అప్పుడు కూడా ముఖాల దగ్గర ఆగకండి. నేల చూడండి, గోడ చూడండి, దండెం మీద ఏం ఆరేశారో చూడండి.

గుడివాడ దగ్గర ఒక ఇంట్లో ఫొటోలన్నీ పరిచి కూర్చున్నప్పుడు ఆ ఇంటి కోడలు ఒకదాన్ని పక్కన పడేసింది. "ఇది పాడైపోయిందండీ, ఎవరూ సరిగ్గా పడలేదు" అంది. చదరపు ఫొటో, అరచేతిలో పట్టేంత. పెళ్ళివారి ఇంటి పెరడు. ఒకావిడ రుబ్బురోలు దగ్గర వంగి ఉంది, ముఖం కనిపించదు, జారిన ముడి మాత్రం కనిపిస్తుంది. ఒక పిల్లాడు కదిలిపోయి పొగలా పడ్డాడు. ముందువైపు నేల మీద ఫొటో తీసినవాడి నీడ, మోచేతులు రెండు పక్కలకీ పొడుచుకొచ్చి, పొట్ట దగ్గర కెమెరా పట్టుకున్నట్టు. గోడవారగా పెద్ద గంగాళం, దాని మీద బోర్లించిన వెదురు తట్ట. ఆ ఇంటి పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫొటోనే తీసుకుంది. తీసినవాడిని నీడని బట్టి గుర్తుపట్టింది, పెద్దల్లుడు. రుబ్బేది వియ్యపురాలి చెల్లెలు, ఆ ఉదయం గారెల పిండి రుబ్బడానికి మనిషి రాకపోతే తనే కూర్చుందిట. గంగాళం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు మారింది. ఆ పెళ్ళి అప్పు తీర్చడానికి మరుసటి ఏడు దాన్ని అమ్మేశారు. గంగాళం సంగతి కోడలికి అంతవరకూ తెలియదు. అదే పెళ్ళిలో స్టూడియో మనిషి తీసిన ఫొటోలు ఆల్బం నిండా ఉన్నాయి, అందరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. వాటిని చూసి ఆవిడ పేర్లు చెప్పి ఊరుకుంది.

చెడిపోయిన ఫొటోలను పారేయకండి అని అందుకే అంటాను. కావాలనుకుంటే మంచివాటిని పక్కన పెట్టి ముందు వీటినే స్కాన్ చేయండి. అంచులు కత్తిరించకండి. తలుపు చాటు నుంచి తొంగిచూసే మనిషి, ఫ్రేములోకి సగమే వచ్చిన గేదె, ఎవరిదో బొటనవేలు, అన్నీ ఉండనివ్వండి.

మచ్చలు పోగొట్టకండి

ఫొటో మీది మచ్చ గురించీ, మనిషి మీది మచ్చ గురించీ కలిపి చెబుతున్నాను, యాప్‌కి ఆ తేడా తెలియదు కాబట్టి.

నాలుగు మడతలు పడిన ఫొటో అలా ఊరికే మడతపడి ఉండదు. బొంబాయికో, గల్ఫుకో, మిలటరీకో వెళ్ళిన మనిషి దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగి ఉంటాడు. మడత మీద అరిగిన తెల్లగీత అన్నాళ్ళ వేళ్ళ రాపిడి. గ్రూపు ఫొటోలో ఒక ముఖం ఉన్నచోట కత్తెరతో గుండ్రంగా కోసేసి ఉంటే, ఆ మనిషికి వేరే ఫొటో ఎప్పుడూ లేదన్నమాట. ఏ కార్డు కోసమో, చనిపోయాక పటం కోసమో కోసుకుని ఉంటారు. ఒక ముఖాన్ని గోటితో గీకేసి ఉంటే ఆ ఇంట్లో ఓ తగాదా ఉంది, దాని గురించి ఇప్పటికైనా నెమ్మదిగా అడగవచ్చు. ఆ కంతనీ ఆ గీతలనీ కంప్యూటరుతో పూడ్చి అందరూ నవ్వుతున్న ఫొటో తయారుచేస్తే, జరిగినదాన్ని మనమే చెరిపేసినట్టు.

మనుషుల మీది మచ్చల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మన పాత ఫొటోల్లో మశూచి మచ్చలున్న ముఖాలు చాలా కనిపిస్తాయి. మన దేశంలో ఆ జబ్బు 1975తో ఆగిపోయింది, ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. అమ్మవారు పోసి బతికి బయటపడ్డ తరం ముఖాలవి. ఏ యాప్‌లో వేసినా ముందుగా మాయమయ్యేవి ఆ గుంటలే. చేతుల మీది పచ్చబొట్లు మురికి మరకలనుకుని తుడిచేస్తుంది. బరువైన కమ్మలకు సాగిన చెవితమ్మెలను సరిచేస్తుంది. ఊడిన పన్ను మొలిపిస్తుంది. చివరికి మీ ముత్తవ్వ స్థానంలో పేరులేని అందమైన ఆడమనిషి ఒకావిడ కూర్చుంటుంది, మనవలు ఆవిడకే దండం పెడతారు.

ఇందులో అతిశయోక్తి లేదు. గ్రూపు ఫొటోలో ముఖం కందిగింజంత ఉంటుంది. అంతలో కనుపాప, పెదవి గీత పడి ఉండవు. లేనిదాన్ని యాప్ బయటికి తీయలేదు, తాను నేర్చుకున్న వేరే ముఖాలనుంచి తెచ్చి అతికిస్తుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో తయారైన పల్స్ అనే ప్రోగ్రాముకి మసకబార్చిన ఒబామా ఫొటో ఇస్తే అది ఒక తెల్లజాతి మనిషి ముఖాన్ని తయారుచేసి ఇచ్చింది. 2021లో ఐర్లండుకి చెందిన ఒక కళాకారుడు కంబోడియాలోని తూల్ స్లెంగ్ జైలు ఫొటోలకు రంగులద్దాడు. ఖ్మేర్ రూజ్ వాళ్ళు చంపేముందు ఖైదీలకు తీసిన ఫొటోలవి. రంగులతోపాటు కొన్ని ముఖాల మీదికి అసలు లేని చిరునవ్వు వచ్చి చేరింది. వాటిని ప్రచురించిన వైస్ పత్రిక, కంబోడియా నుంచి నిరసన వెల్లువెత్తాక తొలగించాల్సి వచ్చింది. అదే ఏడాది మైహెరిటేజ్ సంస్థ పాత ఫొటోల్లోని మనుషులు కళ్ళు ఆర్పి, తల తిప్పి, నవ్వేలా చేసే సదుపాయం తెచ్చింది. అలా కదిలిన బొమ్మ చూసి చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ తల తిప్పడం మీ నాన్నది కాదు, ఇంకెవరిదో.

మరి ఏం చేయాలంటే, ముందు ముట్టుకోని స్కాన్ ఒకటి దాచండి. పోస్టుకార్డు సైజు ఫొటోకి 600 డీపీఐ చాలు, అగ్గిపెట్టంత ఫొటోలకు 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫొటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయండి, అప్పుడే పసుపు, మరక, సిరా వేరువేరుగా పడతాయి. టిఫ్ ఫైలుగా దాచండి, జేపెగ్ పంచుకోవడానికి. స్కానరు లేకపోతే కిటికీ వెలుతురులో, నేరుగా ఎండ పడని చోట, ఫొటోను బల్ల మీద పెట్టి ఫోనును దానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. ఫ్లాష్ వద్దు. సర్దుళ్ళు ఏవైనా ఉంటే రెండో కాపీ మీదనే. ఏం మార్చారో ఒక్క వాక్యంలో దాని పేరులోనే రాయండి.

రంగులు వేయకండి

పాత రకం ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు. ఎర్రచీర నల్లగా పడుతుంది, కుంకుమబొట్టు కాటుకబొట్టులా పడుతుంది. నీలం మాత్రం తెల్లబారుతుంది. తర్వాత వచ్చిన ఫిల్ములు అన్ని రంగులనూ చూశాయి కానీ అన్నిటినీ బూడిద రంగులోకే దింపాయి. ఒకే బూడిద రంగు వెనక ఆకుపచ్చ ఉండవచ్చు, వంకాయ రంగు ఉండవచ్చు. యాప్‌కి ఇదేమీ పట్టదు. ఎక్కువమంది చీరలకు ఏ రంగు చూసిందో ఆ రంగు పూసేస్తుంది. మీ అమ్మమ్మ మంగళగిరి చీర ఏ రంగుదో తెలిసిన మనిషి బహుశా ఇంకా బతికే ఉంటారు. వెళ్ళి అడిగి, "చీర మిరపపండు రంగు, అంచు ఆకుపచ్చ, పెద్దబాబు పుట్టినప్పుడు కొన్నది" అని కింద రాయండి. నలుపు తెలుపు ఫొటో కింద ఆ ఒక్క వాక్యం ఉంటే, చదివినవాళ్ళకి ఆ ఎరుపు కనిపిస్తుంది.

స్టూడియోల్లో చేత్తో రంగులద్దిన ఫొటోలు వేరు. ఆ రంగులు వేసినవాడు ఆ ఊరివాడు. కస్టమరును అడిగి వేశాడో, తనకి నచ్చినట్టు వేశాడో, రెండూ ఆ కాలపు రుచే. వెలసిపోయిన ఆ గులాబీ బుగ్గలను సరిదిద్దే పని పెట్టుకోకండి.

ఈ మాటకి ఒక మినహాయింపు ఇస్తాను. 1970, 80ల కలర్ ఫొటోలు ఆల్బములో మూసి ఉంచినా ఎర్రబారిపోయాయి. వాటిలోని మూడు రంగుల్లో ఆకాశనీలం రంగు చీకట్లో కూడా ముందుగా వెలిసిపోతుంది, అందుకే మనుషులంతా ఇటుకరంగుకి తిరుగుతారు. అక్కడ పోయిన రంగు ఒకప్పుడు నిజంగా ఉన్నదే. కాపీలో దాన్ని వెనక్కి తేవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ఫొటోల మీద ఆలస్యం కూడా పనికిరాదు, నలుపు తెలుపు వాటికంటే ముందు స్కాన్ చేయాల్సినవి అవే.

పెద్దాయన్ని అడగకండి

ఫొటోల గురించి చెప్పమంటే ఇంట్లో మగ పెద్దను కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతాం. ఆయన చెప్పేది వంశవృక్షం, ఉద్యోగాలు, ఎవరు ఏ ఊళ్ళో తాసీల్దారు చేశారో. అవీ కావాలి, కానీ అవి కాగితాల్లోనూ దొరుకుతాయి. నేనైతే ముందు ఇంటి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళమంటాను, ఆ తర్వాత ఆ ఇంట్లో పనిచేసినవాళ్ళ దగ్గరికి. గిన్నె ఎవరిదో, బావి ఎప్పుడు తవ్వారో, ఆ మంచం ఎవరి కాన్పుకి చేయించారో వాళ్ళకే తెలుసు.

"ఇదెవరు?" అని అడగకండి. పేరు చెప్పి ఊరుకుంటారు. వేలు పెట్టి ఒక వస్తువుని చూపించి, అది ఎక్కడినుంచి వచ్చిందని అడగండి. ఆ రోజు వంట ఏం చేశారో అడగండి. ఫొటో ఎవరు తీశారని తప్పకుండా అడగండి, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ అందరి ఫొటోలూ తీసి తాను ఎక్కడా పడని మనిషి ఒకరుంటారు. ఇంకొకటి, ఈ ఫొటోలో ఉండాల్సినవాళ్ళు ఎవరు లేరని అడగండి. వాళ్ళు మాట్లాడుతుంటే ఫోను రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచండి, గొంతు కూడా మిగలాలి. పెద్దవాళ్ళు అలిసిపోతారు, ఒకసారికి రెండు మూడు ఫొటోలు మించి చూపించకండి.

మాట రాసిపెట్టడం ఎంత పని చేస్తుందో ఆదిలాబాద్ గోండుల ఫొటోలు చూస్తే తెలుస్తుంది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లలో గోండుల ఊరు మార్లవాయిలోనూ, నల్లమల చెంచుల దగ్గరా, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గరా తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన ఫొటోలు తీసి ఊరుకోలేదు, ఆ బతుకుల గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశాడు. అందుకే ఆ బొమ్మలు ఇవాళ్టికీ మాట్లాడతాయి. అడవిలో ఉన్న మనుషుల ఫొటోల గురించి ఇంత తెలిసినప్పుడు, మన సొంత ఇంట్లో 1985లో తీసిన గ్రూపు ఫొటోలో ఎడమ నుంచి మూడో మనిషి ఎవరో తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం.

పేర్లు రాయడానికి బాల్‌పెన్ను వాడకండి. దాని ఒత్తిడి ముందు వైపు గీతగా తేలుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది. మెత్తని పెన్సిలుతో, వెనక, అంచు దగ్గర, తేలిగ్గా రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న కలర్ ఫొటోల మీద పెన్సిలు పడదు, అప్పుడు కవరు మీద రాసి ఫొటోను లోపల పెట్టండి. రబ్బరు బ్యాండు వేయకండి, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

మీ ఫొటో అనుకోకండి

డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే కాపీరైటు హక్కుదారులని 1957 నాటి మన కాపీరైటు చట్టం 17వ సెక్షను చెబుతోంది. చట్టం మాట అది. బొమ్మలో ఉన్న మనిషి మాట వేరు. పెళ్ళిచూపుల కోసం పంపించడానికి తీయించిన ఆడపిల్ల ఫొటో, ఏ కారణంతోనో సంబంధం కుదరక, అబ్బాయివాళ్ళ ఇంట్లో మిగిలిపోయింది. ఇవాళ ఆవిడకి డెబ్బై ఏళ్ళు. ఆ ఫొటోను లోకానికి చూపించాలా వద్దా ఆవిడే చెప్పాలి. హైదరాబాద్‌లో 1892లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఘోషా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు, దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. తమ బొమ్మ ఎవరి కళ్ళబడాలన్నది ఫొటో దిగినవాళ్ళకి అప్పుడూ పట్టింపే.

ఇంకో రకం ఫొటోలున్నాయి. భూస్వామి కుటుంబం మండువాలో కుర్చీల్లో కూర్చుంటే ఓ పక్కన పశువుల కాపరి కుర్రాడు, వెనక స్తంభం దగ్గర పనిమనిషి. ఫొటో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ ఇంట్లో ఉంది. నిలబడ్డవాళ్ళ ఇళ్ళలో వాళ్ళ బాల్యపు ఫొటో ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. గ్రూపులో పెట్టేముందు ఆ ఇల్లు ఎక్కడుందో వాకబు చేయండి. మంచి ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇవ్వండి. మొదటి కాపీ వాళ్ళది. వాళ్ళు సరేనంటే వాళ్ళ పేరు కూడా మిగతా పేర్లలాగే పూర్తిగా, గౌరవంగా రాయండి. కుర్చీల్లో ఉన్నవాళ్ళ పేర్లు మాత్రమే ఉన్న ఫొటోను పంచవద్దు, మిగిలిన పేర్లు దొరికేదాకా ఆగండి.

ఎక్కువ పంచకండి

ఒకేసారి యాభై ఫొటోలు పెడితే ఎవరూ ఒక్కదాన్నీ చూడరు. వారానికి ఒకటి పెట్టండి. అదీ అందరికీ నచ్చేది కాకుండా, ఎవరైనా ఏదైనా చెప్పగలిగేది పెట్టండి. ఎవరు, ఎక్కడ, సుమారు ఏ ఏడు, ఎవరు తీశారు, ఈ వివరాలు ఎవరు చెప్పారు అన్నవి కింద ఉండాలి. అంచనా అయితే అంచనా అనే రాయండి. అనూషా యాదవ్ 2010లో మొదలుపెట్టిన ఇండియన్ మెమరీ ప్రాజెక్టు ఇలాగే పనిచేస్తుంది, ఇంటి ఫొటో ఒకటి, దాని వెనక కథ ఇంటివాళ్ళ మాటల్లో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, ఫైల్లో మీరు చేర్చిన వివరాలు కూడా రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

ఇల్లు వదిలి స్టూడియోకి వెళ్ళండి

మన ఊళ్ళ పాత స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటి వెనక గదుల్లో వేల నెగెటివ్‌లు ఉంటాయి. చాలాచోట్ల వాటిని వెండి తీసుకోవడానికి తూకానికి అమ్మేశారు, గాజు పలకలైతే కడిగేసి అద్దాలుగా వాడుకున్నారు. తమిళనాడులో పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో పాత స్టూడియోల ఫొటోలను డిజిటల్ రూపంలోకి ఎక్కించే పని చేశారు. మన జిల్లా కేంద్రాల్లోనూ, పాత తాలూకా ఊళ్ళలోనూ అలాంటి పని జరగాల్సిన అవసరం చాలా ఉంది, సంస్థల కోసం చూస్తూ కూర్చునే వ్యవధి లేదు. మీరే వెళ్ళండి. యజమానితో కూర్చుని కాఫీ తాగండి, ఆయన చీకటి గదిలో పని ఎలా చేసేవారో చెప్పించుకోండి. నెగెటివ్‌లు అడుక్కుని తెచ్చుకోవడం తర్వాత సంగతి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే ఫిల్ములు కుళ్ళడం మొదలైనట్టు లెక్క, వాటిని మిగతావాటినుంచి విడదీసి ముందు వాటి పని చూడమని చెప్పండి. కాపీ తీయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. టాబ్లెట్ తెరను తెల్లగా వెలిగించి, దానికి కొంచెం ఎత్తులో నెగెటివ్ పట్టుకుని, దగ్గర నుంచి ఫోనుతో తీసి రంగులు తిరగేస్తే బొమ్మ వచ్చేస్తుంది.

అయితే నెగెటివ్‌ల పెట్టెలు తెరిచేముందు బల్ల సొరుగులో రిజిస్టరు ఉందేమో అడగండి. అట్ట ఊడిన పొడుగాటి పుస్తకం, నంబరు, తేదీ, పేరు, ఊరు, ఇచ్చిన అడ్వాన్సు, బాకీ. ఫొటోల వెనక మూల మీద కనిపించే పెన్సిలు అంకెలకు జవాబులు అందులోనే ఉంటాయి. ఆ రోజుకి ఒక్క బొమ్మ కూడా కాపీ చేయలేకపోయినా ఫరవాలేదు, ఆ పుస్తకం ప్రతి పేజీకీ ఫొటో తీసుకుని రండి.